గుమ్మడక్క జబ్బలు

ఆవిడకి అసలు పేరంటూ ఒకటుంది. పార్లర్ గోడ మీద పటం కట్టి తగిలించిన సర్టిఫికెట్‌లో అది చక్కగా అచ్చయి ఉంది కూడా. కానీ ఆ పేరు పెట్టి పిలిస్తే ఆవిడే పలకదు. పుట్టినప్పుడు గుండ్రంగా, బరువుగా ఉందని ఇంట్లోవాళ్ళు ముద్దుకి గుమ్మడి అన్నారు. ఆ ముద్దు ఆవిడతో పాటు బడికి నడిచొచ్చింది, పెళ్ళికి వచ్చింది, అత్తవారింట్లో కాపురమూ పెట్టింది. వయసు పెరిగాక మర్యాద కోసం చివర ఒక ‘అక్క’ చేరింది, అంతే.

అలాంటి గుమ్మడక్క రెండేళ్ళలో సగానికి సగం తగ్గిపోయింది.

షుగరు జబ్బు గుమ్మం దాకా వచ్చి నిలబడిందనీ, తలుపు తీయడమా మానడమా అన్నది ఇక ఆవిడ చేతిలోనే ఉందనీ డాక్టరు చెప్పిన మాట బాగా నాటుకుంది. పొద్దున్నే లేచి నడిచింది. సాయంత్రాలు ఈతకొలనుకి వెళ్ళింది. మొదట్లో తేలడం తప్ప మరేమీ రాలేదు, తరవాత్తరవాత ఈదడం కూడా వచ్చింది. తీపి మానేసింది, కొన్నాళ్ళు మానేసినట్టు నటించింది, ఆపైన నిజంగానే మానేసింది. పాత బట్టలన్నీ ఇచ్చేసి కొత్తవి కుట్టించుకుంది.

“ఇంకా నిన్ను గుమ్మడి అంటే అసలు గుమ్మడికాయలు గొడవకొస్తాయి వదినా. పొట్లకాయ అననా?” అంది ఆడపడుచు.

ఈ ఆడపడుచుని అందరూ పిచ్చుక అంటారు. ఒక్కచోట నిలవదు, నోరు మూయదు. వదిన పార్లర్‌లోనే గోళ్ళకి రంగులు వేసే పని చూస్తుంది. వదినని ఆటపట్టించడం కూడా ఆ పనిలో భాగమేనని గట్టి నమ్మకం.

అంతా బాగానే ఉంది, ఒక్క జబ్బలు తప్ప. లోపలున్న కొవ్వు మూటాముల్లె సర్దుకుని వెళ్ళిపోయింది గానీ, దాన్ని ఇన్నేళ్ళూ మోసిన చర్మం మాత్రం ఇల్లు ఖాళీ చేయలేదు. భుజం నుంచి మోచేతి దాకా వదులుగా, ముడతలు పడి వేలాడుతూ ఉండిపోయింది. ఇంకో ఉద్యోగమైతే చేతులు కిందకి దించుకుని, పైన ఏదో ఒకటి కప్పుకుని బతికేయొచ్చు. జుట్టు కత్తిరించే మనిషికి ఆ వీలు లేదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా చేతులు పైకెత్తే ఉండాలి, ఎదురుగా గోడంతా అద్దం. కత్తెర ఆడినప్పుడల్లా జబ్బ కింద చర్మం కూడా తన వంతుగా ఆడేది. డ్రయ్యరు పెట్టినప్పుడైతే ఆ గాలికి సన్నగా వణికేది. పొడుగు చేతుల చొక్కాలు వేసి చూసింది. అవి తలలు కడిగేచోట తడిసేవి, తడిసినచోట తెగిన వెంట్రుకలు అతుక్కునేవి, సాయంత్రానికి ఒళ్ళంతా దురద.

ఇదంతా ఆవిడ లోలోపల పడుతున్న అవస్థే గానీ, బయటపడింది మాత్రం లెక్కల టీచరు వల్ల. ఆ టీచరు రిటైరయ్యి చాలా కాలమైంది. పార్లర్‌కి పాత ఖాతాదారు. ఎవరినీ నొప్పించాలని ఉండదు, కానీ తప్పు కనపడితే చెప్పకుండా ఉండలేదు. ఆ రోజు తల ఆరబెడుతుంటే మెడ కాస్త పక్కకి వంచి, “గుమ్మడక్కా, కొంచెం అటు జరుగు. నీ రెక్క నా చెవికి తగులుతోంది” అంది.

పక్క కుర్చీలో గోళ్ళకి రంగు వేస్తున్న పిచ్చుకకి నవ్వాగలేదు. రంగు గోరు దాటి వేలి మీదకి పాకింది. గోళ్ళు వేయించుకుంటున్నావిడా నవ్వింది. లెక్కల టీచరు తనేదో తమాషా అన్నట్టుందని గ్రహించి ఆలస్యంగా నవ్వింది. గుమ్మడక్క కూడా నవ్వింది. నవ్వుతూనే అటు జరిగింది. జరిగి, అద్దంలో చూసుకుంది. ఇక ఆ మాట చెవిలోంచి పోలేదు.

సాయంత్రం షాపు మూసి, కింద పడ్డ వెంట్రుకలు ఊడుస్తూ, “నేను ఆపరేషన్ చేయించుకుంటా” అంది.

“దేనికి?” అంది పిచ్చుక.

“జబ్బలకి. వేలాడేదంతా తీయించేస్తా. అలా తీసే డాక్టర్లుంటారు.”

పిచ్చుక వదిన ముఖం కేసి పట్టి పట్టి చూసింది. వేళాకోళం కాదని తేలింది. తేలినా ఊరుకోవడం దాని స్వభావంలో లేదు. “తీసినదాంతో నాకో చేతిసంచి కుట్టించిపెట్టు వదినా” అంది.

“నీ నోరు మూసే కుట్టు కూడా ఆ డాక్టరే వేస్తుందేమో కనుక్కుంటా. చేతుల్లేని చొక్కా ఒక్కటి వేసుకోవాలని ఉంది నాకు. తప్పా?”

“తప్పేం లేదు. చేతుల్లేని చొక్కా కోసం చేతులు కోయించుకోవడం మాత్రం కొత్తగా ఉంది.”

గుమ్మడక్క మొగుడిది కళ్ళజోళ్ళ షాపు. పార్లర్‌కి రెండు షాపుల అవతల. ఆ పైన మేడ మీదే ఇల్లు. నెమ్మదస్థుడు, ఏ మాటకైనా ముందు ఊ కొట్టి, తరవాత ఆలోచించి, ఆపైన ఇంకోసారి ఊ కొట్టే రకం. రాత్రి భోజనాల దగ్గర భార్య సంగతంతా చెప్పి, చెయ్యెత్తి చూపిస్తే అలవాటు కొద్దీ ఊ కొట్టాడు. ఆ తరవాత కళ్ళజోడు సర్దుకుని, “నాకేం తేడా కనపడటం లేదే” అన్నాడు.

“ఊరందరి చూపూ పరీక్ష చేసేది మీరేనా?”

“దూరం చూపు, దగ్గర చూపు. పెళ్ళాన్ని చూసే చూపుకి పరీక్షలేం ఉండవు.”

అన్నాక, ఆ మాట తనకే బాగుందనిపించి ఇంకాస్త కూర వడ్డించుకున్నాడు. గుమ్మడక్కకి లోపల కొంచెం కరిగింది గానీ పైకి తేలనివ్వలేదు. “మీకు కనపడకపోతే అద్దంలో నాకు కనపడుతోంది. రోజంతా చూసేది నేను” అని, కడగాల్సిన గిన్నెలు ఎత్తుకుని లేచిపోయింది.

మర్నాడే డాక్టరమ్మ దగ్గర అపాయింట్‌మెంటు తీసుకుంది.

డాక్టరమ్మది వీధి చివర కొత్తగా కట్టిన ఆసుపత్రి. గదిలో తెల్ల బల్ల, తెల్ల తెర, కిటికీలో ఎండకి వాడిపోతున్న చిన్న మొక్క. డాక్టరమ్మ మంచి మనిషిలాగే ఉంది. చేతులు చాచమంది, మోచేతులు వంచమంది, చర్మాన్ని రెండు వేళ్ళతో పట్టి మెల్లగా లాగి చూసింది, పెన్నుతో గీతలు గీసింది. గుమ్మడక్క గీతలు చూడటం లేదు. చూపంతా డాక్టరమ్మ నుదుటి మీదే ఉంది. నుదుటి మీదకి పడే జుట్టు ఎడమవైపు కనుబొమ్మ దాకా ఉంది, కుడివైపు సగంలోనే ఆగిపోయింది. మధ్యలో ఒకచోట ఎలుక కొరికినట్టు చిన్న సందు.

“ఎందుకు తీయించుకోవాలనుకుంటున్నారు?” అని అడిగింది డాక్టరమ్మ. “మీవారు ఏమన్నా అన్నారా?”

“ఆయనకి కనపడనే లేదు.”

“మరి?”

గుమ్మడక్కని ఈ ప్రశ్న ఇంతవరకూ ఎవరూ సరిగ్గా అడగలేదు. “నేను జుట్టు కత్తిరిస్తానండీ” అంది. “మెడ దగ్గర అంచు సరిచేయకుండా ఎవరినీ కుర్చీలోంచి లేవనివ్వను. వాళ్ళకి తొందరున్నా సరే. ఇంత కష్టపడి తగ్గాను కదా, అంచు దగ్గరకొచ్చేసరికి ఎవరో మధ్యలో లేచి వెళ్ళిపోయినట్టుంది నాకు.”

డాక్టరమ్మ తలూపింది. ఆ జవాబు నచ్చినట్టుంది. దాచకుండా అంతా చెప్పింది. చంక నుంచి మోచేతి దాకా లోపలివైపు కోస్తారు. చర్మం పోతుంది గానీ గీత ఉంటుంది. మొదట్లో ఎర్రగా, గట్టిగా ఉంటుంది, పాలిపోవడానికి ఏడాది పైనే పట్టొచ్చు, పూర్తిగా మాత్రం పోదు. కొన్నాళ్ళు అక్కడ తిమ్మిరిగా ఉంటుంది. “వదులు ఇచ్చి గీత తీసుకుంటున్నారన్నమాట. ఆ బేరం మీకు ఇష్టమేనా అన్నది మీరే తేల్చుకోవాలి. ఇంకొకటి, నెలన్నర దాకా చేతులు భుజం దాటి ఎత్తకూడదు.”

“ఎత్తకుండా ఎలా? తలలన్నీ భుజాల పైనే ఉంటాయి కదా.”

“అందుకే బాగా ఆలోచించుకోమంటున్నాను.”

గుమ్మడక్క లేచింది. తలుపు దాకా వెళ్ళి ఆగింది. అడగకూడదనే అనుకుంది, కానీ వృత్తి ఊరుకోనివ్వలేదు. “ఏమనుకోకండి. మీ ముందు జుట్టు ఎవరు కత్తిరించారు?”

డాక్టరమ్మ చెయ్యి నుదుటి మీదకి వెళ్ళింది. “నేనే. ఎందుకూ?”

“ఏం లేదండీ. కత్తెర పట్టుకునే చెయ్యి ఒకటే కదా అని.”

ఇంటికొచ్చి ఈ సంగతి చెబితే పిచ్చుక కడుపు పట్టుకుని నవ్వింది. “జుట్టే తిన్నగా కోయలేనామెకి నీ జబ్బలు అప్పజెప్తావా వదినా? ఒక చెయ్యి కనుబొమ్మ దాకా, ఒకటి సగం దాకా ఉంటాయి నీకు.”

కళ్ళజోళ్ళాయన మాత్రం నవ్వలేదు. ఊ కూడా కొట్టలేదు. “అంతా సరే, మరి బుడ్డి సంగతేంటి?” అన్నాడు.

బుడ్డి అంటే మనవరాలు, కూతురి కూతురు. తల్లి ఉద్యోగానికి వెళ్తే మధ్యాహ్నాలు ఇక్కడే ఉంటుంది. అన్నం తినేటప్పుడు ఇల్లంతా తిప్పిస్తుంది గానీ, నిద్రకి మాత్రం పేచీ పెట్టదు. అమ్మమ్మ పక్కలో చేరి, “అమ్మమ్మా, మెత్తది ఇయ్యి” అంటుంది. గుమ్మడక్క చెయ్యి చాస్తే, జబ్బ కింది వదులు చర్మాన్ని గుప్పిట్లో పట్టుకుని, అటూ ఇటూ ఊపుతూ రెండు నిమిషాల్లో కళ్ళు మూస్తుంది. ఊళ్ళో అందరికీ రెక్కలా కనపడేది ఆ పిల్లకి ఒక్కదానికే దిండు.

“దాన్ని తీయించేస్తే పిల్ల ఎలా పడుకుంటుంది? నువ్వు పార్లర్‌లో ఉన్న రోజుల్లోనే చూస్తున్నాగా, ఎంత ఏడిపిస్తుందో” అన్నాడు ఆయన.

ఆ దెబ్బకి గుమ్మడక్క పడిపోయింది. ఆపరేషన్ వద్దని ఎవరెన్ని అన్నా చెవిన వేసుకోని మనిషి, బుడ్డి పేరెత్తేసరికి మెత్తబడింది. మర్నాడు మధ్యాహ్నం పిల్ల జబ్బ పట్టుకుని ఊపుతుంటే, ఆ చిన్న వేళ్ళ కేసి చాలాసేపు చూస్తూ పడుకుంది. సాయంత్రం ఆసుపత్రికి ఫోన్ చేసి, ఇప్పుడే వద్దులెండి, మళ్ళీ చెబుతానంది. పొడుగు చేతుల చొక్కాలు మళ్ళీ బయటికి తీసింది. పిచ్చుకకి ఏమీ తోచలేదు. ఆటపట్టించడానికి వదినలో పట్టుదల లేకపోతే దానికి పని లేనట్టే ఉంటుంది.

కొన్నాళ్ళు గడిచాక ఒక మధ్యాహ్నం, పెళ్ళికూతురి జుట్టు చూడాల్సిన బేరం ఆఖరి నిమిషంలో వాయిదా పడింది. గుమ్మడక్క అనుకున్న వేళ కంటే ముందే మేడెక్కింది. పిల్ల ఏడుపు వినపడుతుందేమోనని మెట్ల మీదే చెవి పెట్టింది. ఏం లేదు, నిశ్శబ్దం. తలుపు నెమ్మదిగా తోసి చూసింది.

పడకకుర్చీలో కళ్ళజోళ్ళాయన వెల్లకిలా ఉన్నాడు. ఆయన పొట్ట మీద బుడ్డి బోర్లా పడుకుని, తాతయ్య చెవి తమ్మెని గుప్పిట్లో పట్టుకుని హాయిగా నిద్రపోతోంది. నోటి నుంచి కారిన చొంగ ఆయన చొక్కా మీద పెద్ద మడుగు కట్టింది. ఆయన ముక్కు మీద ఈగ వాలి ఉంది. దాన్ని తోలడానికైనా చెయ్యి కదపకుండా, ఊపిరి కూడా కొలిచి పీలుస్తూ, ముఖంలో మహా సంతోషంతో పడి ఉన్నాడు. భార్యని చూడగానే ఆ సంతోషం కాస్తా ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

“ఎప్పట్నుంచి సాగుతోంది ఇది?” అంది గుమ్మడక్క గొంతు తగ్గించి.

“మెల్లగా. లేస్తుంది.”

“ఏడిపిస్తోందన్నారుగా.”

ఆయన నీళ్ళు నమిలాడు. “మొదట్లో రెండు రోజులు ఏడిచింది. తరవాత చెవి దొరికింది.”

గుమ్మడక్క ముక్కాలిపీట లాక్కుని ఎదురుగా కూర్చుంది. కోపం తెచ్చుకోవాలని చూసింది గానీ, ఆ ఈగా, ఆ చొంగా చూస్తుంటే అది రాలేదు. “నా జబ్బ కోసం పిల్ల ప్రాణం పెట్టేస్తుందని చెప్పి నా నోరు మూయించారు. ఇదేమో మెత్తగా ఉంటే చాలు, ఎవరిదైనా ఒకటే అన్నట్టుంది. దీన్ని కాదు, మిమ్మల్ని అడగాలి. ఎందుకు దాచారు?”

ఆయన పిల్ల తల మీద చెయ్యి వేసి నిమురుతూ ఉండిపోయాడు. చివరికి పైకప్పు కేసి చూస్తూ, “మత్తిస్తారటగా” అన్నాడు.

“ఇవ్వకుండా ఎలా కోస్తారు?”

“ఇచ్చాక మెలకువ రాకపోతే? జబ్బు చేసి తప్పదంటే వేరు. బాగున్న మనిషివి, నడుచుకుంటూ వెళ్ళి పడుకుంటానంటున్నావు. చర్మం ఉంటే ఏంటి, వేలాడితే ఏంటి. నువ్వు లేస్తే చాలు నాకు.”

గుమ్మడక్క ఇన్నాళ్ళూ ఆయనకి పట్టలేదనే అనుకుంది. చెయ్యి చాచి ముక్కు మీది ఈగని తోలింది.

“ఆ మాట అన్నం దగ్గరే అనచ్చుగా. చంటిదాన్ని అడ్డం పెట్టుకోకుండా.”

“అంటే భయపడుతున్నానంటావని.”

“భయపడుతున్నారుగా.”

“ఊ” అన్నాడు ఆయన.

ఈసారి ఇద్దరూ కలిసి వెళ్ళారు. దారంతా ఆయన పెదవులు కదులుతూనే ఉన్నాయి. అడగాల్సినవన్నీ మరిచిపోకుండా వల్లె వేసుకుంటున్నాడని గుమ్మడక్కకి అర్థమై, పలకరించకుండా పక్కన నడిచింది. గదిలో కూర్చోగానే ఒక్కొక్కటే అడిగాడు. మత్తు ఎవరిస్తారు, ఎంతసేపు ఉంటుంది, గుండె సంగతి ముందే చూస్తారా, షుగరు పరీక్ష చేస్తారా, ఏదైనా తేడా వస్తే ఏం చేస్తారు. డాక్టరమ్మ విసుక్కోకుండా అన్నిటికీ చెప్పింది. ప్రమాదం అసలే లేదని మాత్రం అనలేదు. చాలా తక్కువ అంది. అసలే లేదని అంటే ఆయన నమ్మేవాడు కాదు. తక్కువ అనేసరికి కాస్త కుదుటపడ్డాడు.

గుమ్మడక్క అంతసేపూ కత్తిరింపే చూస్తోంది. డాక్టరమ్మ నుదుటి మీద జుట్టు ఈసారి ఎడమవైపు కూడా కనుబొమ్మ వదిలి పైకి పోయింది. సరిచేద్దామని మళ్ళీ కత్తెర పట్టినట్టుంది.

“నేను ఒప్పుకున్నానండీ. కానీ ఒక షరతు” అంది. “ఆపరేషన్‌కి ముందు మీరొకసారి మా పార్లర్‌కి రావాలి. అప్పటిదాకా మీ జుట్టు మీద మీరు చెయ్యి వేయకూడదు.”

డాక్టరమ్మ నిజంగానే వచ్చింది. ఆ రోజు పిచ్చుక గోళ్ళ బల్ల దగ్గర కూర్చుని, రంగు సీసాలు తుడుస్తున్నట్టు నటిస్తూ అంతా చూసింది. మెడ చుట్టూ గుడ్డ కట్టి, కుర్చీ పైకి లేపి, గుమ్మడక్క దువ్వెనా కత్తెరా తీసుకోగానే, అంత పెద్ద డాక్టరమ్మ కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది.

“ఎక్కువ తీసేయకండి” అంది.

“అక్కర్లేనిదే తీస్తాను. మీరూ అలాగే చేయండి.”

“నొప్పేం ఉండదుగా?” అని సన్నగా అడిగింది పిచ్చుక. డాక్టరమ్మ ముందు ఉలిక్కిపడి, తరవాత నవ్వింది. నవ్వుతుంటే తల కదులుతోందని గుమ్మడక్క ఇద్దరినీ మందలించింది. పని అయ్యాక డాక్టరమ్మ అద్దంలో అటూ ఇటూ తిరిగి చూసుకుంది. తన నుదురు ఇంత బాగుంటుందని ఆవిడకి ఎవరూ చెప్పినట్టు లేదు.

ఆపరేషన్ రోజు కళ్ళజోళ్ళాయన షాపు తెరవలేదు. ఆసుపత్రి వరండాలో కూర్చుని, పక్క కుర్చీలో ఉన్న ముక్కూ మొహం తెలియని మనిషి కళ్ళజోడు వదులైందని చెప్పి, జేబులోంచి చిన్న స్క్రూడ్రైవరు తీసి బిగించి పెట్టాడు. ఆ తరవాత ఇంకొకరిది. పిచ్చుక వచ్చేసరికి వరండాలో వాళ్ళందరి కళ్ళజోళ్ళూ గట్టిగా ఉన్నాయి.

గుమ్మడక్క కళ్ళు తెరిచేసరికి మొదట కనపడింది ఆయన ముఖమే. నోరు ఎండిపోయి ఉంది. రెండుసార్లు ప్రయత్నిస్తే గానీ మాట రాలేదు.

“అద్దాలు తుడుచుకోండి” అంది. “ఏం కనపడుతుంది మీకు?”

“ఏసీ చల్లదనానికి మసకేసింది” అన్నాడు ఆయన. తీసి తుడిచి పెట్టుకున్నాక కూడా మసక పోలేదు.

ఇంటికొచ్చాక అసలు కష్టం మొదలైంది. చేతులకి బిగుతు తొడుగులు, వాటి కింద దిండ్లు. చెయ్యి ఎత్తకూడదు, బరువు మోయకూడదు. తల దువ్వుకోవడానికి కూడా లేదు. ఊళ్ళో సగం తలలు దువ్విన మనిషి తన తల కోసం ఇంకొకరి మీద ఆధారపడాల్సి వచ్చింది. మొదటి రోజు పిచ్చుక దువ్వింది. కానీ పార్లర్ అంతా ఇప్పుడు దాని నెత్తినే పడింది, పొద్దున్నే పరుగెత్తాలి. రెండో రోజు నుంచి దువ్వెన కళ్ళజోళ్ళాయన చేతికొచ్చింది.

చిన్న చిన్న స్క్రూలు వేళ్ళతో పట్టి బిగించే మనిషి. కానీ జుట్టు స్క్రూలా ఒకచోట నిలబడదు కదా. మూడు పాయలు తీస్తే ఒకటి లావు, ఒకటి సన్నం, ఒకటి జారిపోయేది.

“మధ్యపాయ మీదుగా వేయాలి” అనేది ఆవిడ.

“ఏది మధ్యపాయ? ఇందాక మధ్యలో ఉన్నది ఇప్పుడు పక్కకెళ్ళిపోయింది.”

“అది వెళ్ళాలి. వెళ్తేనే జడ.”

వారం తిరిగేసరికి ఏదో ఒక ఆకారం వచ్చింది. వంకరగా, ఎడమ చెవి కిందకి వెళ్ళి ఆగేది. కానీ ఊడేది కాదు. ఆయన కట్టిన ముడి విప్పడానికి పిచ్చుకకి కూడా చాలాసేపు పట్టేది.

కట్లు విప్పిన రోజు మాత్రం ఇంట్లో ఎవరూ నవ్వలేదు. గుమ్మడక్క అద్దం ముందు చెయ్యి కాస్త పక్కకి జరిపి చూసుకుంది. చంక దగ్గర మొదలై మోచేతి దాకా, ఎర్రగా, ఉబ్బెత్తుగా, పొడుగాటి గీత. డాక్టరమ్మ ముందే చెప్పింది. చెప్పడం వేరు, చూడటం వేరు. ఆ పూటంతా మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుంది. వదులుగా ఉన్నప్పుడు కనీసం దేవుడిచ్చిందని అనుకోవచ్చు, ఇది తను కోరి తెచ్చుకున్నదని లోపల ఒకటే పోరు.

పిచ్చుక వచ్చి మంచం అంచున కూర్చుంది. “చూపించు వదినా” అంది. చూసి, “కుట్టు తిన్నగా ఉంది” అంది. “తన జుట్టు దగ్గర పడ్డ తొందర నీ దగ్గర పడలేదు.”

గుమ్మడక్క గోడ వైపు తిరిగే ఉంది, కానీ మంచం కొంచెం కదిలింది. నవ్వుకో ఏడుపుకో పిచ్చుకకి తెలియలేదు. ఆ పక్కనే కూర్చుండిపోయింది.

కళ్ళజోళ్ళాయన సాయంత్రం షాపు నుంచి భూతద్దం తెచ్చి, కిటికీ దగ్గర వెలుతురులో రెండు చేతులూ శ్రద్ధగా చూశాడు. బాగుందని అబద్ధం చెప్పలేదు. “ఎర్రగా ఉంది” అన్నాడు. “అదే ఇక్కడ, మోచేతి దగ్గర, అప్పుడే కొంచెం పాలిపోతోంది. నేను చూస్తూ ఉంటాలే.” ఆ తరవాత ప్రతి ఆదివారం భూతద్దంతో తనిఖీ జరిగేది. ఒక ఆదివారం ఆయన మరిచిపోతే ఆవిడే చెయ్యి చాచి గుర్తు చేసింది. ఎర్రదనం ఇంకా ఉంది గానీ, అప్పటికి ఆవిడకి దాని మీద కోపం తగ్గిపోయింది. స్నానం చేసేటప్పుడు జబ్బ మీద చెయ్యి వేస్తే చిన్నగా, గట్టిగా, తన కొలతకి తగ్గట్టు తగిలేది. రెండేళ్ళ కష్టం ఇక్కడిదాకా వచ్చిందని చేతికి తెలిసేది.

బుడ్డి సంగతి చెప్పనే అక్కర్లేదు. అమ్మమ్మ జబ్బ ఒకసారి నొక్కి చూసి, “గట్టిగా ఉంది” అని తాతయ్య దగ్గరికి వెళ్ళిపోయింది.

డాక్టరమ్మ చేతులెత్తొచ్చని చెప్పిన మర్నాడే గుమ్మడక్క పార్లర్‌లో మళ్ళీ కత్తెర పట్టింది. మొదటి రోజు ఒక్క తల, తరవాత రెండు, అలా అలా పాత లెక్కకి వచ్చేసింది. చేతుల్లేని చొక్కా వేసుకుని, కత్తెర ఆడిస్తూ అద్దంలో చూసుకుంటే చర్మం నిలకడగా ఉండేది. చెయ్యి బాగా ఎత్తితే లోపలి గీత కనపడేది. ఎవరైనా అడిగితే చెప్పేది, అడక్కపోతే ఊరుకునేది.

పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఊళ్ళో వాళ్ళ తలల మీద అంత హుషారుగా లేచే ఆ చేతులు, ఇంట్లో తన తల దగ్గరకొచ్చేసరికి మాత్రం లేచేవి కావు. పొద్దున్నే స్నానం చేసి, జుట్టు విరబోసుకుని, దువ్వెన పట్టుకుని వచ్చి ఆయన ముందు పీట మీద కూర్చునేది.

“ఇంకా పట్టేసినట్టుందా?” అనేవాడు ఆయన.

“కొంచెం.”

“నిన్న పిచ్చుక అంది, పై అరలోంచి రంగు డబ్బాల పెట్టె నువ్వొక్కదానివే దించావట.”

“అది పార్లర్. అక్కడ చెయ్యి వేడెక్కి ఉంటుంది.”

“ఊ” అని, మళ్ళీ ఏమీ అడక్కుండా ఆయన పాయలు తీసేవాడు.

ఆ వారంలో లెక్కల టీచరు తల కత్తిరించుకోడానికి వచ్చింది. కుర్చీలో కూర్చుని, గుమ్మడక్కని కిందా మీదా చూసి, ఏదో మారిందంది. ఏం మారిందో చెప్పమంటే జబ్బల దాకా రానే లేదు. చూపు జడ దగ్గర ఆగిపోయింది.

“ఇదేంటి, ఇలా వంకరగా ఉంది? నువ్వే వేసుకున్నావా?”

“కాదండీ. ఈ మధ్య బయట వేయించుకుంటున్నాను.”

“ఎవరి దగ్గరో గానీ, నన్ను మాత్రం వాళ్ళ దగ్గరికి పంపకు.”

పిచ్చుక గోళ్ళ రంగు సీసా మూత బిగిస్తూ తల దించుకుంది. గుమ్మడక్క టీచరు మెడ చుట్టూ గుడ్డ కట్టి, కత్తెర అందుకుంది.

“మీరు వెళ్తానన్నా వాళ్ళకి ఖాళీ లేదులెండి” అంది.